తోడల్లుడి కారవాన్

మా తోడల్లుడు అచ్చిబాబు కారవాన్ కొన్నాడని తెలిసిన రోజు నేను మధ్యాహ్నం అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదన్నాను. మా ఆవిడ రామతులసి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "జ్వరం లేదే" అంది. జ్వరం ఎందుకుంటుంది? కన్ను కుట్టింది. అది థర్మామీటరులో కనబడదు.

ఉన్న సంగతి ముందే చెప్పేస్తాను. నాకు అచ్చిబాబంటే పడదు. అతను నాకు ఏ అపకారమూ చేయలేదు. అదే అసలు ఇబ్బంది. చేసి ఉంటే తిట్టుకోవడానికి ఒక కారణమైనా దొరికేది. మా ఇద్దరివీ చేపల మీద బతికే కుటుంబాలే. నేను నరసాపురంలో మూడు బోట్లు పెట్టుకుని సముద్రాన్ని నమ్ముకున్నాను. అతను ఆకివీడు దగ్గర రొయ్యల చెరువులు తవ్వించి, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళ ఉప్పుగాలికి నా మొహం ఎండుచేపలా అయింది. అతనిది ఇప్పటికీ పెళ్ళికొడుకు మొహమే. మా మామగారింట్లో పెద్దల్లుణ్ణి నేను. అయినా ఏ శుభకార్యానికి వెళ్ళినా గుమ్మంలోనే అందరూ నన్ను అడిగేది, "అచ్చిబాబుగారు ఇంకా రాలేదాండి?" అని.

ఇప్పుడు అతనికి కారవాన్ కూడా వచ్చింది. బండీ ఇల్లూ కలిపి కట్టినట్టుంటుంది అది. మినీబస్సంత పొడవు. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, ఒక మూల బాత్రూము. మా మామగారి సంవత్సరీకం రోజున దాన్ని తీసుకొచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. "ఇల్లున్నవాడికి ఇంకో ఇల్లెందుకండి, అదీ చక్రాల మీద?" అని నేను పదిమందిలో వెటకారం చేశాను. ఒక్కరూ నవ్వలేదు. అందరూ లోపలికి ఎక్కి పరుపులు నొక్కి చూసుకుంటున్నారు.

రామతులసి మాత్రం పరుపుల దగ్గర ఆగలేదు. తిన్నగా బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చాక ఆమె మొహం చూసి నాకు కడుపులో మంట మొదలైంది. ఎందుకో చెప్పాలి.

మూడేళ్ళ కిందట ఆమెకు ఒక ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి గంటకోసారి బాత్రూముకు వెళ్ళక తప్పదు. ఇంట్లో ఉంటే అదో సమస్య కాదు. రోడ్డెక్కితేనే నరకం. మగవాడు ఏ తుమ్మచెట్టు పక్కనో నిలబడతాడు. ఆడమనిషి ఎక్కడికి వెళ్తుంది? పెట్రోలు బంకుల్లో తలుపుంటే గడియ ఉండదు, గడియ ఉంటే నీళ్ళుండవు. అందుకని ప్రయాణం ఉన్న రోజున ఆమె పొద్దున్నే నీళ్ళు తాగడం మానేసేది. మా మేనకోడలి పెళ్ళి అన్నవరం కొండ మీద చేశారు. ఆ ఎండలో చుక్క నీళ్ళు ముట్టకుండా వచ్చి, మెట్ల దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ తర్వాత ఇక నేను ఎక్కడికీ రానంది. మూడేళ్ళుగా పాలకొల్లు దాటలేదు.

నేనేం చేశాను? "చూద్దాంలే" అన్నాను. మూడేళ్ళూ అదే మాట అన్నాను. అచ్చిబాబు ఆ మాట అనకుండా బండి కొన్నాడు. తన భార్య హారతి అడిగిందని కొన్నాడో, సరదాకి కొన్నాడో నాకు తెలియదు. కానీ కొన్న వారానికే మా ఇంటికి ఫోన్ చేశాడు.

"వదినా, మొదటి ప్రయాణం మీతోనేనండి. అన్నవరంలో స్వామిని చూసుకుని, అట్నుంచి మారేడుమిల్లి వెళ్దాం. అన్నయ్యని కూడా తీసుకురండి."

ఆ 'కూడా' నాకు గుచ్చుకుంది. నాకు పనుందని చెప్పమన్నాను. అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. వచ్చే నెల పదిహేను దాకా నాకు గోళ్ళు గిల్లుకోవడం తప్ప వేరే పని లేదని రేవులో కుక్కలకు కూడా తెలుసు. రామతులసి ఒక్క నిమిషం నా వైపు చూసి, "సరే, నేను వెళ్ళొస్తానండి" అంది. వద్దంటుందనుకున్నాను. మూడేళ్ళుగా పాలకొల్లు దాటని మనిషి, నేను లేకుండా, అచ్చిబాబు బండెక్కి వెళ్ళిపోయింది.

అయిదు రోజులు హోటల్ భోజనం తిన్నాను. ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ఊపిరాడనంత పనిలో ఉన్నట్టు మాట్లాడాను. ఒడ్డు మీద పడున్న బోటులో కూర్చుని.

తిరిగొచ్చేసరికి ఆమె నల్లబడింది, పాదాలు వాచాయి, గొంతు బొంగురుపోయింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి మొదలుపెట్టింది.

"నీళ్ళు తాగానండి! రావులపాలెంలో తాగాను, జగ్గంపేటలో తాగాను, గోకవరంలో తాగాను. రంపచోడవరంలో ఏకంగా రెండు కొబ్బరిబోండాలు తాగాను. భయం లేదు కదా, వెనకాలే బాత్రూము."

భార్య ఇంత సంతోషంగా ఉంటే మొగుడనేవాడికి ఎలా ఉండాలి? నాకు అలా లేదు. ఆ నీళ్ళన్నీ అచ్చిబాబు బండిలో తాగిందని ఒళ్ళు మండింది. మూడేళ్ళు నా పక్కన దాహంతో ఉన్న మనిషి దాహం ఎవడో వచ్చి తీర్చిపోయాడు. ఆ రోజే నిర్ణయించుకున్నాను, మనమూ కొంటున్నామని. పైకి రామతులసి కోసం అన్నాను. నిజానికి అచ్చిబాబు కంటే మంచిది కొనాలని.

"కొంటే మరిదిగారు కొన్న కంపెనీదే కొనండి" అంది రామతులసి. "హంసయాన్. లోపల నాకు అలవాటైపోయింది."

"ఊళ్ళో ఇంకో కంపెనీ లేదా?"

"ఉంటే ఉన్నాయండి. అది సుఖంగా ఉంది."

ప్రపంచంలో ఏ బండైనా కొంటాను గానీ హంసయాన్ మాత్రం కొననని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. అచ్చిబాబు కొన్నదే నేనూ కొంటే జీవితాంతం అతని వెనకాల నడిచినట్టుంటుంది. ఇక నాకు కావలసింది ఒక్కటే. హంసయాన్ నాసిరకమనీ, నేను కొనేది మేలనీ రుజువు కావాలి.

మంచి చెడ్డలు చూడటం నాకు తెలియని విద్య కాదు. నలభై ఏళ్ళుగా బోట్లు కట్టిస్తున్నాను. ఇప్పుడు ఫైబరు బోట్లు వచ్చాయి గానీ, నావి రెండు ఇంకా చెక్కవే. మేము బోటు కొనేటప్పుడు రంగు చూడం, పేరు చూడం. కట్టిన మేస్త్రీ ఎవరో అడుగుతాం. తర్వాత కింద పడుకుని దాని అడుగు చూస్తాం. కొత్త బోటును గోదావరిలోకి దింపే ముందు మా రేవులో ఒక ఆచారం ఉంది. ఒడ్డు మీదే దాని కడుపు నిండా నీళ్ళు పోస్తాం. లోపలి నీళ్ళు బయటికి ఎక్కడ చెమరుస్తాయో కింద దూరి వేలితో తడిమి చూసి, తడి తగిలిన చోట పసుపు బొట్టు పెడతాం. ఆ బొట్లు చూసుకుని మేస్త్రీ అతుకుల్లో మళ్ళీ దూది కూరి గుగ్గిలం పూస్తాడు. బొట్టు పెట్టేటప్పుడు ఎవరూ నవ్వకూడదు, మేస్త్రీని మాట అనకూడదు. ఇది మా తాతల నాటి కట్టుబాటు. మా మేస్త్రీ వీరబ్రహ్మం ముందు నేను ఏనాడూ నవ్వలేదు.

ఆ ధీమాతోనే రాజమండ్రి వెళ్ళాను. హైవే పక్కన టెర్రావే అనే కంపెనీ షోరూము ఉంది. రమ్యశ్రీ అనే అమ్మాయి బండి చూపించడానికి వచ్చింది. చేతిలో రంగురంగుల పుస్తకం.

"సార్, మన బ్రాండ్ ప్రీమియం అండి. ఏ బండికైనా ఇంజనూ, కింది షాసీ ఆ రెండు మూడు పెద్ద కంపెనీలవేనండి. పైన ఇల్లు కట్టేది మాత్రం మేమేనండి. అక్కడే తేడా వస్తాది."

"కట్టిన మేస్త్రీ పేరేంటమ్మా?" అన్నాను.

"మేస్త్రీ ఉండరండి. కంపెనీయేనండి."

"మనుషులే లేకుండా తలుపులు వాటంతటవే బిగుసుకున్నాయా?"

పాపం ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలియక పుస్తకంలో ఒక పేజీ తిప్పింది. నేను పంచె ఎగ్గట్టి బండి కిందికి దూరాను. "అయ్యయ్యో, సార్, గ్రీజు అంటుకుంటాదండి" అంటూ ఆమె చుట్టూ తిరుగుతోంది. అడుగు చూస్తే ముచ్చటేసింది. ఒక్క అతుకు వదులు లేదు. నల్లటి పూత దళసరిగా వేశారు. వేలితో నొక్కాను, గోటితో గీకాను, వాసన చూశాను. గోడల్ని వేళ్ళతో కొడితే ఖణీమని పలికాయి. లోపలంతా టేకు పలకలు, మంచి బరువు. అచ్చిబాబు బండి గోడలు పలచన. నేను మామగారింటి దగ్గరే తట్టి చూశాను.

"పైకెక్కి కూడా చూస్తారా అండి? వెనకాల నిచ్చెన ఉంది" అంది రమ్యశ్రీ.

"పైన ఏముంటుందమ్మా, ఆకాశం తప్ప" అన్నాను. గంగలో తిరిగేవాడికి ప్రమాదం ఎప్పుడూ కిందనుంచే వస్తుంది. నా నలభై ఏళ్ళలో ఏ బోటుకూ పైకప్పు చూడవలసిన అవసరం రాలేదు.

పదిరోజుల్లో వచ్చి అడ్వాన్సు ఇస్తానని మాటిచ్చి ఇంటికొచ్చాను. గ్రీజు మరకల పంచెతోనే రామతులసి ముందు కూర్చుని, టెర్రావే అడుగు గురించి అరగంట చెప్పాను. ఆమె వంకాయలు తరుగుతూ అంతా విని, ఒక్క ప్రశ్న వేసింది.

"బాత్రూము ఎలా ఉందండి?"

"ఉంది."

"కూర్చుంటే మోకాళ్ళు తలుపుకి తగులుతాయా? పట్టుకోడానికి కడ్డీ ఉందా? బండి కుదుపుతుంటే లేవలేను కదా నేను. గడియ లోపల్నుంచి పడుతుందా? మురుగు తొట్టి ఎన్ని రోజులకి నిండుతుందన్నారు?"

నేను బాత్రూము తలుపే తీయలేదు. ఎవరి కోసం, ఎందుకోసం బండి కొంటున్నామో ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు. ఆ మాట ఒప్పుకుంటే సరిపోయేది. కానీ ఆమె వెంటనే, "మరిదిగారు బండి తీసుకునే ముందు హారతిని లోపల కూర్చోబెట్టి మూడుసార్లు సరిచూసుకున్నాడంట" అంది. ఇంకేముంది.

"అతని బాత్రూము కూడా గొప్పదేనా?" అని అరిచాను. "అతని పొయ్యి గొప్ప, అతని పరుపు గొప్ప, ఇప్పుడు అతని మరుగుదొడ్డి కూడా గొప్పా? వెళ్ళి అందులోనే కాపరం పెట్టు."

రామతులసి వంకాయ కత్తిపీట మీద అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేను హంసయాన్‌ను ఎలా పడగొట్టాలా అని ఆలోచించాను.

అవకాశం దానంతటదే వచ్చింది. జూన్ పదిహేనున బోట్లు మళ్ళీ వేటకు దిగుతాయి. రెండు రోజుల ముందు రేవులో గంగమ్మ పూజ చేసుకుంటాం. చుట్టాలందరినీ పిలుస్తాం. అచ్చిబాబు, హారతి కారవాన్‌లోనే వచ్చారు. దాని నెత్తిన నీలం రంగు టార్పాలిన్ కప్పి, నాలుగు వైపులా తాళ్ళతో బిగించి ఉంది.

"ఇదేంటి, బండికి తలపాగా?" అన్నాను.

"ఎండకి రంగు పోతాదనండి అన్నయ్యా" అన్నాడు అచ్చిబాబు. ఎప్పుడూ మొహం మీద ఉండే ఆ నవ్వు అప్పుడు కాస్త తగ్గింది. నేను దాన్ని పట్టించుకోలేదు. వాడికి బండి మీద ఎంత ముద్దో అనుకుని ఇంకా మండిపడ్డాను.

పూజ అయ్యింది. పులిహోర పంచారు. మా బోట్ల మీద పనిచేసేవాళ్ళు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు, చుట్టాలు అంతా కలిసి ఎనభై మంది దాకా ఉన్నారు. నేను కారవాన్ మీద అరచేత్తో చరిచి అందరికీ వినబడేలా అన్నాను.

"కొత్త బండి మొదటిసారి మన రేవుకి వచ్చింది. రేవుకొచ్చిన కొత్త దేనికైనా నీళ్ళు పోసి చూడటం మన ఆచారం కదా. అబ్బులూ, పంపు పట్రా."

అబ్బులు మా పెద్దబోటు డ్రైవరు. జనానికి ఉత్సాహం వచ్చింది. అచ్చిబాబు చేతిలో పులిహోర ఆకు అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడెందుకండి అన్నయ్యా. అది బోటు కాదు కదండి."

"భయమా? గొప్ప కంపెనీ కదా నీది."

రామతులసి జనంలోంచి గబగబా వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. "వద్దండి. నా మాట వినండి. వద్దు." ఆమె గొంతులో బతిమాలుడు ఉంది. నా కోసం ఆమె అలా బతిమాలడం ఎప్పుడు విన్నానో గుర్తు లేదు. అచ్చిబాబు కోసం బతిమాలుతోందని నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి విదిలించుకుని నేనే తాళ్ళు కోసి టార్పాలిన్ లాగేశాను.

బోట్లు కడిగే పంపు అది. గోదావరిలోంచి నీళ్ళు లాగి ఏనుగు తొండంతో కొట్టినట్టు కొడుతుంది. అబ్బులు బండి చుట్టూ తిరిగి గోడలు, కిటికీలు, నెత్తి అంతా తడిపాడు. నేను పసుపు గిన్నె పట్టుకుని అలవాటు ప్రకారం కిందికి దూరాను. ఇంచి ఇంచి తడిమాను. అడుగు పొడిగా ఉంది. మళ్ళీ తడిమాను. ఒక్క చుక్క లేదు. ఆ బురదలో వెల్లకిలా పడుకుని నాకు ఏడుపొచ్చినంత పనైంది. దేవుడు కూడా వాడి పక్షమే అనుకున్నాను.

అప్పుడు నా తల మీద, బండి లోపల, టప్ మని చప్పుడైంది. కాసేపటికి ఇంకోటి. తర్వాత వరసగా.

బయటికి పాకి, తలుపు తీసి లోపలికి ఎక్కాను. వెనకవైపు మంచం మీద పరుపు ముద్దయిపోయింది. పైన ఏసీ పెట్టె బిగించిన చోటునుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నా ఒళ్ళు పులకరించింది. అబద్ధమెందుకు, నా పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదు. తలుపులోంచి బయటికి వంగి, "కారుతోందిరోయ్! హంసయాన్ కారుతోంది!" అని అరిచి, పగలబడి నవ్వాను. మా తాతల కట్టుబాటు నాకు గుర్తుకు రాలేదు.

నా నవ్వు తప్ప రేవులో ఇంకెవరి నవ్వూ వినబడలేదు. అబ్బులు పంపు ఆపేశాడు. మేస్త్రీ వీరబ్రహ్మం తల దించుకున్నాడు. హారతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"తెలుసండి అన్నయ్యా" అన్నాడు అచ్చిబాబు మెల్లిగా. "మారేడుమిల్లిలో గాలివాన వచ్చినప్పుడే తెలిసింది."

"తెలిసి నెలరోజులుగా ముసుగేసుకుని తిరుగుతున్నావా? కంపెనీవాళ్ళని పిలవొచ్చు కదా. వాళ్ళు రారన్నమాట. అదీ మీ బ్రాండు!"

"వస్తామన్నారండి. వారంటీ ఉంది, మర్నాడే మనిషిని పంపిస్తామన్నారు. నేనే వద్దన్నాను." అతను ఆకు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "వాళ్ళ పేరు రాసిన వ్యాను మా ఇంటి ముందు ఆగితే ఆకివీడంతా చూస్తాది. రెండు రోజుల్లో నరసాపురం చేరిపోద్ది. మీకు తెలిసిపోద్దని ఆగిపోయానండి."

ఇంతలో రామతులసి బండెక్కి నా పక్కకు వచ్చి, తడిసిన పరుపు మీద చెయ్యి వేసింది.

"ఈ మంచం మీద పడుకుంది నేనేనండి" అంది. "వాన మొదలయ్యేసరికి సరిగ్గా నా పొట్ట మీద కారింది. హారతి గిన్నె తెచ్చి పెట్టింది. అది నిండితే కుక్కరు, అది నిండితే టీ గిన్నె. మరిదిగారు గొడుగు పట్టుకుని మంచం మీద నిలబడ్డాడు, బండి లోపల గొడుగు! నవ్వి నవ్వి నాకు పక్కలు పట్టేశాయి. అలా నవ్వి ఎన్నేళ్ళయ్యిందో."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "ఇంటికొచ్చాక రావులపాలెం చెప్పావు, జగ్గంపేట చెప్పావు. ఇది చెప్పలేదేం?"

ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా చూడలేదు.

"చెప్తే మీరు సంతోషపడతారని" అంది.

తలుపు దగ్గర హారతి, అచ్చిబాబు నిలబడి ఉన్నారు. ఇద్దరూ నన్ను చూడకుండా పరుపును చూస్తున్నారు. ముగ్గురు మనుషులు ఒక చిన్న కారుడు బయటపడకుండా నెలరోజులు కాపలా కాశారు. వానకు భయపడి కాదు, ఎండకూ కాదు. నా సంతోషానికి భయపడి. ఆ సంతోషం ఎలా ఉంటుందో ఇప్పుడే ఎనభై మంది చూశారు కూడా. నాకు ఆ బండి కింద బురదలోకే మళ్ళీ దూరిపోవాలనిపించింది.

రామతులసి నా చేతిలోని పసుపు గిన్నె తీసుకుంది. మంచం మీద మోకాళ్ళు ఆన్చి, పైకి చెయ్యి చాపి, నీళ్ళు కారుతున్న చోట బొట్టు పెట్టింది. తడికి పసుపు కరిగి ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా జారింది.

"ఆచారం అన్నారుగా. సగంలో వదిలేస్తారేంటి?"

"కారేదాన్ని పట్టుకుని ఇదే కొనమన్నావేంటి మరి?" అన్నాను.

"కప్పు కారితే జిగురు రాస్తారండి. బాత్రూము ఇరుగ్గా ఉంటే ఏం రాస్తారు?"

బండి వెనకాల నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కాను. నా జన్మలో మొదటిసారి ఒక బండి నెత్తి చూశాను. ఏసీ పెట్టె చుట్టూ వేసిన జిగురు రెండు వేళ్ళ మేర పగిలి లేచిపోయింది. అంతే. మా వీరబ్రహ్మం అయితే పావుగంటలో దూది కూరేవాడు. కిందికి దిగి అచ్చిబాబుతో, "తమ్ముడూ, ఫోన్ చెయ్యి. ఆకివీడు వద్దు, నరసాపురమే రమ్మను. నా ఇంటి ముందే ఆపమను" అన్నాను. నేనతన్ని తమ్ముడూ అని పిలవడం అదే మొదటిసారేమో, అతను ఫోన్ తీయబోయి పులిహోర ఆకు తొక్కాడు.

మర్నాడు పదకొండు గంటలకల్లా వాళ్ళ మనిషి వచ్చాడు. పాతదంతా గీకి, కొత్త జిగురు వేసి, ఆరాక వెళ్తానన్నాడు. నేను వెళ్ళనివ్వలేదు. గంటసేపు పంపు కొట్టించాను. ఈసారి కిందికి దూరకుండా, ఆ మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పునే చూస్తూ ఉన్నాను. చుక్క పడలేదు. మంచి కంపెనీయే. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు ఎంత కష్టమైందో నాకే తెలుసు.

టెర్రావే షోరూముకు కూడా రామతులసిని తీసుకెళ్ళాను, న్యాయం న్యాయమే కనక. ఆమె బాత్రూములోకి వెళ్ళి అర నిమిషంలో బయటికొచ్చి, రమ్యశ్రీతో "మోకాళ్ళు తగిలాయమ్మా" అంది. దాంతో ఆ ముచ్చట అయిపోయింది. హంసయాన్ బుక్ చేశాం. నాలుగు నెలలు పడుతుందన్నారు. ఈలోగా ఆగడం ఎందుకని అచ్చిబాబే అన్నవరం ప్రయాణం పెట్టాడు. ఈసారి "అన్నయ్యా, మీరు రావాలండి" అని నాకే ఫోన్ చేశాడు. రామతులసి ఒక్క షరతు పెట్టింది. వెనక మంచం మీద, ఆ కప్పు కింద, నేనే పడుకోవాలని.

నరసాపురంలో బయల్దేరి రావులపాలెం చేరేసరికి ఎండ ముదిరింది. అరటి మార్కెట్టు దగ్గర బండి ఆపారు. లారీల్లోకి గెలలు ఎక్కిస్తున్నారు. అచ్చిబాబు, హారతి చక్కెరకేళీలు కొంటామని దిగారు. రామతులసి ఫ్రిజ్జులోంచి సీసా తీసి, స్టీలు గ్లాసులో పోసుకుని నిలబడే తాగింది. గటగటా తాగింది, గొంతు కదులుతుంటే కనబడుతోంది. గ్లాసు దించి, ఊపిరి పీల్చుకుని, ఇంకో గ్లాసు పోసుకుంది. ప్రయాణంలో ఆమె నీళ్ళు తాగడం నేను మూడేళ్ళలో చూడలేదు.

నేను కదలకుండా చూస్తూ కూర్చున్నాను. "ఏంటండి అలా చూస్తారు?" అని నవ్వింది. ఏమీ లేదన్నాను. కళ్ళు తుడుచుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. బయట అచ్చిబాబు అరటిపళ్ళ హస్తం పట్టుకుని, ఎండలో చెమటలు కక్కుకుంటూ మా కోసమే వస్తున్నాడు. ఇంత మంచివాణ్ణి ఇంకా ఎందుకు ఓర్చుకోలేకపోతున్నానో అప్పుడు తెలిసింది. నెలన్నర కిందట ఇదే రావులపాలెంలో, ఇదే గ్లాసుతో, ఆమె మొదటి గుక్క తాగినప్పుడు చూసింది అతను. నేను కాదు. నేను ఒడ్డు మీద బోటులో కూర్చుని పనిలో ఉన్నానని చెబుతున్నాను.